తలుపు మీద చీటీ

గుంటూరు బ్రాడీపేట నుంచి ఆరు పేజీల ఉత్తరం వచ్చింది. చేత్తో రాసింది. "పేరు వద్దండి" అని చివర సంతకం చోట రాసి ఉంది. అందులో ఉన్న సంగతి ఇది.

ఆమెకు ముప్పై ఏళ్ళు. పెళ్ళికి ముందు గుంటూరులోనే ఒక జూనియర్ కాలేజీలో నాలుగేళ్ళు బాటనీ చెప్పింది. భర్తకు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఇంజనీరు ఉద్యోగం, బ్లూ కార్డు అనే ఉద్యోగ నివాస అనుమతి మీద ఉన్నాడు. అత్తగారిది విజయవాడ పటమట. పెళ్ళయ్యాక స్టుట్‌గార్ట్ వెళ్ళి పద్నాలుగు నెలలు కాపురం చేసింది. కార్తీకంలో చెల్లెలి పెళ్ళికని వచ్చింది. నెల రోజులకి తిరుగు టికెట్టు. రెండుసార్లు మార్చుకుంది. శివరాత్రి కూడా వెళ్ళిపోయింది, ఆమె ఇంకా పుట్టింట్లోనే ఉంది.

ఎందుకు వెళ్ళబుద్ధి కావడం లేదో రాసింది. ఒక ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పల్లీ చట్నీకి మిక్సీ వేసింది. భర్త క్రికెట్‌కి వెళ్ళాడు. కాసేపటికి తలుపు తీస్తే బయట చీటీ అంటించి ఉంది. చేతిరాత కావడంతో ఫోన్‌లోని అనువాదం యాప్ చదవలేకపోయింది. మధ్యాహ్నం రెండింటికి ఆయన వచ్చేదాకా ఆ చీటీ ముందు పెట్టుకుని కూర్చుంది. ఇంకోసారి తలుపు గొళ్ళేనికి ఒక చెక్క పలక వేలాడుతోంది. ఎవరో పొరపాటున తగిలించారనుకుని ఎదురింటి తలుపుకి తగిలించింది. మర్నాడు ఆ ఇంటి పెద్దావిడ వచ్చి పది నిమిషాలు ఏదో చెప్పింది. ఈమె "యా, యా" అంటూ నిలబడింది. చెత్త తప్పు డబ్బాలో వేసిందని డబ్బా మీద కాగితం అంటించి, చెత్త తీసుకెళ్ళకుండా వదిలేశారు. ఆమె పేరున వచ్చిన పన్ను నంబరు ఉత్తరం, పెట్టె మీద ఆ పేరు లేదని వెనక్కి పోయింది. పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోలేదు మరి.

చివరగా పడకగది గోడకి నల్లగా బూజు పట్టింది. ఇంటి ఓనరు నుంచి ఉత్తరం వచ్చింది. బాగుచేయించే ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటానని. భర్త అది చదివి, "పగలంతా ఇంట్లోనే ఉంటావు కదా, కిటికీ తీయడం కూడా గుర్తుండదా?" అన్నాడు. "ఓనరు నిజంగా నా తప్పేనని రాశాడా, ఈయనే కలిపి చెప్పాడా అని రాత్రంతా ఆలోచించాను" అని రాసింది.

ఇప్పుడు అమ్మ "అంత కష్టమైతే ఇక్కడే ఉండిపో" అంటోంది. అత్తగారు "మావాడు బ్రెడ్డు తిని బతుకుతున్నాడు" అని ఫోన్ చేస్తోంది. రోజూ మాట్లాడే భర్త రెండు రోజులకోసారి మాట్లాడుతున్నాడు. పోయిన వారం "వస్తావా, రావా, ఒక మాట చెప్పు" అన్నాడు. "అందరూ ఫారిన్ కోడలు అంటారు. చెత్త డబ్బా దగ్గర నిలబడి ఏడ్చానని ఎవరికి చెప్పను? వెళ్ళాలా, ఉండిపోవాలా, ఆయన్నే వచ్చేయమని అడగొచ్చా? ఇంత చిన్నవాటికి ఇంత బాధపడుతున్నానంటే నాలోనే లోపం ఉందా? మీ అమ్మాయి అనుకుని చెప్పండి."

అమ్మాయీ, అలా అడిగావు కాబట్టి నువ్వు అనే పిలుస్తున్నాను. నేను ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. మా పెద్దమ్మాయి కొన్నేళ్ళు ఆ స్టుట్‌గార్ట్‌లోనే కాపురం చేసింది. చుట్టపుచూపు వీసా మీద 90 రోజులు ఉండనిస్తారంటే, ఆ 90 రోజులూ ఉండి వచ్చినదాన్ని. నువ్వు రాసిన మెట్లు, ఆ చెక్క పలక, ఆ డబ్బాల వరస నా కళ్ళకు కట్టాయి.

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. నీలో ఏ లోపమూ లేదు. చిన్నవాటికి బాధపడుతున్నానంటున్నావు. ఇల్లంటేనే చిన్నవి. చట్నీ ఎప్పుడు రుబ్బాలి, చెత్త ఎక్కడ వెయ్యాలి, గుమ్మం ఎవరు ఊడవాలి, కిటికీ ఎంతసేపు తియ్యాలి. వీటి ఆనుపానులు తెలిసిన చోట వీటి గురించి ఆలోచించం కూడా. తెలియని చోట పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక్కొక్కటీ పరీక్షే. పద్నాలుగు నెలలు అలా గడిపినవాళ్ళెవరైనా అలిసిపోతారు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఏడ్చానని నువ్వు రాసిన చోటల్లా గీత పెట్టాను. ఐదు చోట్ల రాశావు. ఐదు చోట్లా చదవడానికి ఏదో ఉంది. తలుపు మీద చీటీ, గొళ్ళేనికి పలక, డబ్బా మీద కాగితం, వెనక్కి పోయిన కవరు, ఓనరు ఉత్తరం. చలి గురించి రాశావు, నాలుగున్నరకే చీకటి పడటం గురించి రాశావు, పలకరించే మనిషి లేకపోవడం గురించీ రాశావు. అక్కడెక్కడా ఏడ్చానని లేదు.

నల్లబల్ల మీద ఆకు అడ్డుకోత బొమ్మ వేసి పాఠం చెప్పిన మనిషివి. ఆ ఊళ్ళో విమానం దిగిన రోజు నుంచి నీకు చదువు రాదు. నాకు కనిపించిన అసలు దెబ్బ ఇదే.

మా నాయనమ్మకు చదువు రాదు. మా బాబాయి మిలిటరీలో ఉండేవాడు. ఆయన దగ్గర్నుంచి ఇన్‌లాండ్ లెటర్ వస్తే దాన్ని చింపకుండా రవికలో దోపుకుని, నేను బడి నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చునేది. నేను చదివి వినిపించాక ప్రతిసారీ ఒకటే అడిగేది: "ఇంతేనా? ఇంకేం రాయలేదా?" నేనేదో దాచానని అనుమానం. నాకు కోపం వచ్చేది. పెద్దయ్యాక అర్థమైంది. తన ఉత్తరాన్ని వేరే వాళ్ళ నోటితో వినాల్సి వచ్చిన మనిషికి ఆ అనుమానం పోదు. ఎదుటివాళ్ళు ఎంత మంచివాళ్ళైనా పోదు. ఓనరు ఉత్తరం గురించి నువ్వు రాత్రంతా ఆలోచించావు చూడు, నాకు మా నాయనమ్మే గుర్తొచ్చింది.

ఇక ఆ పలక. దాన్ని అక్కడ కేర్‌వోహె అంటారు, ఊడ్చే వారం అని అర్థం. ఆ ప్రాంతపు పాత అలవాటు, వందల ఏళ్ళ నుంచీ ఉంది. పలక ఎవరి తలుపుకి ఉంటే ఆ వారం మెట్లు తుడవడం వాళ్ళ వంతు. పెద్ద వంతైతే బయట నడిచే బాట ఊడవడం, చలికాలంలో మంచు తియ్యడం కూడా ఉంటాయి. మన ఉమ్మడి ఇళ్ళలో కోడళ్ళకి వంట వంతులు ఉండేవి కావూ, అలాంటిదే. నువ్వు పలక తీసి ఎదురింటికి తగిలించావు. అంటే నీ వంతు అంట్లు తీసుకెళ్ళి తోడికోడలి గిన్నెల్లో కలిపి వచ్చినట్టు. ఆవిడకు కోపం రావడం సహజం. నీకు తెలియదన్న సంగతి ఆవిడకు తెలియదు కదా.

మా అమ్మాయి వంతు వచ్చిన వారం మెట్లు నేనే తుడిచాను. తుడిచాక ఊరుకోబుద్ధి కాలేదు. మా తలుపు ముందు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేశాను, ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు. పై అంతస్తు ఆవిడ కిందికి దిగుతూ ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. చేతి సంచీ మెట్టు మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలు గాల్లో ఆడిస్తూ చుక్కలు లెక్కపెట్టింది. నాకు జర్మన్ రాదు, ఆవిడకు తెలుగు రాదు. మర్నాటి నుంచి మెట్ల మీద కనిపిస్తే మాత్రం ఆగేది. ముగ్గు వేస్తే అందరూ మంచివాళ్ళైపోతారని చెప్పడం లేదు. అదే మేడలో ఇంకొకాయన మూడు నెలలూ మొహం తిప్పుకునే పోయాడు. నిజంగా అవమానించేవాళ్ళు తగిలితే ఓర్చుకోమనీ చెప్పను. నువ్వు రాసినవాటిలో మాత్రం అవమానం కంటే పద్ధతి తెలియకపోవడమే ఎక్కువ కనిపించింది.

ఆదివారం అక్కడ మౌనవారం లాంటిది. కొట్లు మూసేస్తారు, మిక్సీ, వాక్యూమ్, మేకు కొట్టడం ఏవీ చెయ్యరు. రాత్రి పదింటి తర్వాతా అంతే. చట్నీకి, పిండికి శనివారం పగలు చూసుకుంటే సరిపోతుంది. చెత్త సంగతి నీకు కొత్తేమీ కాదు. తడి చెత్త, పొడి చెత్త అని మన ఊళ్ళలోనూ ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఇచ్చారు కదా. అక్కడ ఇంకో రెండు రకాలు ఎక్కువ, తప్పితే తీసుకెళ్ళరు. ప్లాస్టిక్ సీసాలు మిషన్‌లో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కి వస్తాయి, అవి పారెయ్యకు.

బూజు గురించి కొంచెం విడమరిచి చెప్పాలి. మీ ఇద్దరి మధ్య మాట విరిగింది అక్కడే కాబట్టి. బ్రాడీపేట ఇంట్లో కిటికీలు పగలంతా బార్లా తీసే ఉంటాయి. అన్నం వార్చిన ఆవిరి ఎటు పోయిందో ఎవరూ చూడరు. అక్కడి కిటికీలకి రబ్బరు బిగింపులు, గాలి చొరదు. లోపల అన్నం, పప్పు, వేన్నీళ్ళ స్నానం, గదిలోనే ఆరేసిన బట్టలు. బయట చలికి గోడ చల్లబడి ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు ఆ ఆవిరి గోడకి పడుతుంది. తడి గోడ మీద ఏం మొలుస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు, శిలీంధ్రాల పాఠం చెప్పినదానివి. అక్కడివాళ్ళు చేసేదేమిటంటే, హీటరు కట్టేసి, కిటికీలన్నీ ఒక్కసారి పూర్తిగా తెరిచి, ఐదు పది నిమిషాలు గాలి ఆడనిచ్చి మూసేస్తారు. రోజుకి రెండు మూడుసార్లు. సగం వంచి గంటల తరబడి వదిలేస్తే గోడ ఇంకా చల్లబడి బూజు ఎక్కువౌతుంది.

ఇది నీకు ఎవరూ చెప్పలేదు. మీ ఆయనకీ తెలిసి ఉండదనుకుంటాను. పెళ్ళికి ముందు ఆయన ఆఫీసు క్యాంటీన్‌లో తినేవాడని రాశావు. వంట లేని గదిలో ఆవిరి ఎక్కడిది? ఇల్లు ఇల్లులా అయ్యాకే గోడ తడిసింది. పైగా బూజు పట్టిన ప్రతిసారీ తప్పు అద్దెకున్నవాళ్ళదే కానక్కర్లేదు, గోడ కట్టుబడి వల్ల కూడా వస్తుంది. ఓనరు రాసినంత మాత్రాన ఖర్చు మీదే అని తేలిపోయినట్టు కాదు. అద్దెకుండేవాళ్ళ సంఘాలు ఆ దేశంలో ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉంటాయి. సభ్యత్వం కడితే ఇలాంటి ఉత్తరాలు చూసి ఏం జవాబివ్వాలో చెప్తారు. డబ్బు పోతుందని ఇద్దరూ ఒకరి మీద ఒకరు విరుచుకుపడే ముందు చెయ్యాల్సిన పని ఇది.

మీ ఆయన చెడ్డవాడని నువ్వు ఎక్కడా రాయలేదు. నాకూ అలా అనిపించలేదు. ఇంటికొచ్చే ప్రతి కాగితం ఆయనే చదవాలి, ప్రతి బిల్లు ఆయనే కట్టాలి, ప్రతి ఫోన్‌కి ఆయనే జవాబు చెప్పాలి. చదవలేని నీకు భయం, అన్నీ చదవాల్సిన ఆయనకు విసుగు. ఆ విసుగులో అన్నమాట అది. అయినా ఆ మాట తప్పే. నీకు తగిలిందని ఆయనకు తెలియాలి. తెలిసేలా చెప్పావా? నీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. "పర్లేదులే అన్నాను" అని మాత్రం ఉంది.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా ముందు ఒక ఫోన్ చెయ్యాలి. ఇప్పుడు మీ మాటలు ఎలా సాగుతున్నాయో చూడు. ఆయన ఆఫీసు నుంచి రైల్లో వస్తూ చేస్తాడు, నీకు అప్పటికి రాత్రి పదిన్నర. హాల్లో అమ్మానాన్నల మధ్య కూర్చుని మాట్లాడతావు. అలాంటి ఫోన్‌లో "తిన్నావా" తప్ప ఇంకేం వస్తుంది? శనివారం ఆయనకు పొద్దున్న పదైతే నీకు మధ్యాహ్నం రెండున్నర. డాబా మీదకి వెళ్ళి చెయ్యి. నోటితో చెప్పలేనంటే, నాకు రాసినట్టే ఆయనకీ రాయి. "వస్తావా రావా" అన్న ప్రశ్నకి జవాబుగా కాదు, అసలు అక్కడ నీకు పగళ్ళు ఎలా గడిచాయో రాయి. నాకు రాసినదాన్లో నాలుగో పేజీ ఒక్కటి పంపినా చాలు.

ఇంకోటి. పోయిన చలికాలంలో మధ్యాహ్నం దాకా లేవబుద్ధి కాలేదనీ, రోజుల తరబడి తల దువ్వుకోలేదనీ రాశావు. ఇప్పుడు కూడా నిద్ర సరిగా లేదన్నావు. గుంటూరులో ఉండగానే డాక్టరుకి చూపించుకో. థైరాయిడ్, డి విటమిన్ పరీక్షలు చేయించమని అడుగు. మనసు సంగతి మాట్లాడాలంటే ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ ఉంది, 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. తేల్చుకోవాల్సింది పెద్ద విషయం. నిద్రలేని బుర్రతో తేల్చుకోకు.

గడువు గురించి నీకు చాలా టెన్షన్ ఉన్నట్టుంది. జర్మనీ నివాస అనుమతి మీద ఉన్నవాళ్ళు ఆరు నెలలు దాటి బయట ఉంటే మామూలుగా అది రద్దవుతుంది. బ్లూ కార్డు ఉన్నవాళ్ళకి, వాళ్ళ దగ్గరికి కుటుంబ అనుమతి మీద వెళ్ళిన భార్యకి లేదా భర్తకి ఈ గడువు 12 నెలలు. నీ కార్డు మీద ఏం రాసుందో, ఎప్పటిదాకా చెల్లుతుందో చూసుకో. అక్కడి విదేశీయుల కార్యాలయానికి మీ ఆయన చేత మెయిల్ పెట్టించి జవాబు రాతలో తెప్పించుకో. శాశ్వతంగా వచ్చేశానని తేలితే మాత్రం ఈ నెలల లెక్క వర్తించదు, అనుమతి అప్పుడే పోతుంది. రేపే విమానం ఎక్కకపోతే అంతా పోతుందన్న భయం నీకు అక్కర్లేదు. అలాగని ఏడాదంతా చేతిలో ఉందని ఊరుకోవడానికీ లేదు.

అత్తగారు అన్నట్టు వచ్చే వారమే టికెట్టు తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఇంట్లో గొడవ చల్లారుతుంది, మీ ఆయన సంతోషిస్తాడు. మార్చి తర్వాత అక్కడ వెలుగు పెరుగుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా చీకటి పడదు. నువ్వు మొదటిసారి వెళ్ళినప్పుడు ఎదురుగా చలికాలం ఉంది, ఈసారి వేసవి ఉంటుంది. ఆ తేడా తక్కువది కాదు. కానీ అదే తలుపు, అదే పలక, అదే చదువు రాని నువ్వు. మళ్ళీ కార్తీకం వచ్చేసరికి ఇంకో పెళ్ళి వెతుక్కుంటావేమోనని నా భయం.

రెండో దారి, ఒక తారీఖు పెట్టుకుని, ఈలోపు భాష పట్టుకుని వెళ్ళడం. నీ చేతిలో రెండు నెలలు ఖాళీగా ఉన్నాయి. గుంటూరు, విజయవాడల్లో జర్మన్ చెప్పే చోట్లున్నాయి, ఆన్‌లైన్‌లోనూ నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో గోథే సెంట్రుమ్ అని జర్మన్ భాషా కేంద్రం ఉంది, వాళ్ళు పరీక్షలు పెడతారు. మొదటి మెట్టు ఏ1. దానితో చీటీలు, పలకలు, డబ్బా మీద కాగితాలు చదవగలవు. ఓనరు ఉత్తరాలకి అది చాలదు. అక్కడికి వెళ్ళాక ఇంటిగ్రేషన్ కోర్సు అని ఉంటుంది, 600 గంటలు భాష, 100 గంటలు ఆ దేశం సంగతులు. కుటుంబ అనుమతి మీద వెళ్ళినవాళ్ళకి చేరే హక్కు మామూలుగా అనుమతి వచ్చిన మొదటి ఏడాదే ఉంటుంది, నీకు అది దాటింది కాబట్టి చేర్చుకుంటారో లేదో ముందే కనుక్కో. రోటెబ్యూల్‌ప్లాట్స్ దగ్గర వయోజన విద్యాకేంద్రం ఉంది, ఫోల్క్స్‌హోహ్‌షూలె అంటారు, అక్కడ అడగండి. ఏడాది పడుతుంది. మొదటి నెలల్లో ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుని చదవాల్సి రావడం నీలాంటి లెక్చరర్‌కి చిన్నతనంగా ఉంటుంది. అది దాటాలి. ఇక మీ ఆయన ఇంకో రెండు నెలలు ఒంటరిగా ఉండాలి. తారీఖు చెప్పి మూడోసారీ మార్చావంటే నీ మాట మీద ఆయనకి నమ్మకం పోతుంది. నిలబెట్టుకోగలిగిన తారీఖే చెప్పు.

ఆ దారిలో వెళ్తే ఇంట్లో కూడా కొన్ని మారాలి. ఉత్తరాల ఫైలు నీ చేతికి రావాలి. శనివారం ఇద్దరూ కూర్చుని వారంలో వచ్చిన కవర్లు నువ్వు చింపు, నువ్వు పైకి చదువు, తెలియని మాట ఆయన చెప్పాలి. నెలాఖరుకి సగం మాటలు అవే మళ్ళీ వస్తున్నాయని నువ్వే గమనిస్తావు. నీ పేరున బ్యాంకు ఖాతా తెరవండి. నెల జీతంతో బతికినదానివి, కూరలకి కూడా అడిగి తీసుకోవాల్సి వచ్చిందని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నేను దాన్ని వదలను. అది చిన్నది కాదు.

ఉద్యోగం చెయ్యడానికి నీ అనుమతి అడ్డు రాదు. కాలేజీలో బాటనీ చెప్పాలంటే మాత్రం చాలా ఎక్కువ జర్మన్ కావాలి, ఏళ్ళు పడుతుంది. ఆశపెట్టి మోసం చెయ్యను. కానీ ఆ ఊళ్ళోనే విల్‌హెల్మా ఉంది, చూశావా? నీ ఉత్తరంలో దాని ఊసే లేదు. జంతువులతో పాటు పెద్ద వృక్షశాస్త్ర తోట, పాతకాలపు గాజు ఇళ్ళు, ఎండాకాలం కొలనులో విక్టోరియా కలువలు. పళ్ళెమంత కాదు, పిల్లాడు పడుకునేంత ఆకులు. మా అమ్మాయి బలవంతాన తీసుకెళ్తే నాలాంటిదే సాయంత్రం దాకా రానన్నాను. చెట్ల పేర్లు లాటిన్‌లో రాసుంటాయి. ఆ ఊరు మొత్తంలో నువ్వు తడుముకోకుండా చదవగలిగిన పలకలు అవి.

మూడోది, ఇక్కడే ఉండి మళ్ళీ కాలేజీలో చేరడం. నీ జీతం, నీ పేరు, నీ విద్యార్థులు నీకు తిరిగొస్తారు. అది మనిషిని నిలబెడుతుంది, కాదనను. కానీ పెళ్ళయి రెండేళ్ళు కూడా కాలేదు. ఎన్నాళ్ళని చెప్పుకోకుండా విడిగా ఉంటే, ఎవరూ నిర్ణయించకుండానే అది విడిపోవడంగా మారుతుంది. అలా మారిన ఇళ్ళు నేను చూశాను. ఉండాలనుకుంటే "ఈ విద్యా సంవత్సరం వరకు" అని ఇద్దరూ ఒప్పుకుని ఉండండి. 12 నెలల లెక్క మర్చిపోకండి. అమ్మ మాట గురించి కూడా చెప్తాను. చిక్కిపోయి వచ్చిన కూతుర్ని చూసిన ఏ తల్లైనా ఉండిపొమ్మనే అంటుంది. అది ప్రేమతో వచ్చిన మాట. దాని మీద జీవితం మొత్తం నిర్ణయించుకోవాలని ఆవిడ ఉద్దేశం కాకపోవచ్చు. నాన్నగారు ఏమీ మాట్లాడటం లేదన్నావు. ఒకసారి ఆయన్ని నువ్వే అడుగు.

ఆయన్నే వచ్చేయమని అడగొచ్చా అన్నావు. అడగొచ్చు, నీకు ఆ హక్కు ఉంది. అడిగే ముందు రెండు తెలుసుకో. బ్లూ కార్డు మీద 27 నెలలు పనిచేసి ఏ1 జర్మన్ వస్తే శాశ్వత నివాసానికి పెట్టుకోవచ్చు, ఇంకో రెండు మెట్లు పైనున్న బీ1 స్థాయి వస్తే 21 నెలలకే. ఆయన అందుకు ఎంత దూరంలో ఉన్నాడు? గట్టు దగ్గరికొచ్చిన మనిషిని వెనక్కి రమ్మంటే ఆ వెలితి ఆయన మనసులో ఉండిపోవచ్చు. రెండోది, ఆయన వచ్చినా గుంటూరు వస్తాడా? ఆ ఉద్యోగం బెంగళూరులోనో పుణెలోనో దొరుకుతుంది. అదీ నీకు కొత్త ఊరే. పక్కింటివాళ్ళతో నీకున్న ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు, నిజమే. బ్రాడీపేట నాలుగో లైను మాత్రం అక్కడ ఉండదు.

నా మనసు రెండో దారి వైపు మొగ్గుతోంది. ఆ ఊరు నీకు సరిపడదని తేలలేదు కాబట్టి. చదవగలిగిన మనిషిగా ఆ ఊళ్ళో నువ్వు ఇంకా ఒక్క రోజు కూడా ఉండలేదు. అలా ఏడాది ఉండి చూశాక కూడా వద్దనిపిస్తే, అప్పుడు చెప్పే "వద్దు"లో భయం ఉండదు, ఆయనకీ అర్థమవుతుంది. ఇది నా ఉద్దేశం మాత్రమే. అక్కడ రోజులు గడపాల్సింది నువ్వు.

ఒకవేళ నువ్వు నాకు రాయని సంగతులు ఉంటే, ఆయన చెయ్యి చేసుకోవడం, పాస్‌పోర్టు దాచడం, తిట్టడం లాంటివి, పైన చెప్పినవేవీ నీకు వర్తించవు. ఇక్కడ 181, అక్కడ 116016, రెండూ ఆడవాళ్ళ కోసం ఉన్న నంబర్లే. నాకూ మళ్ళీ రాయి.

అత్తగారికి ఫోన్‌లో సంజాయిషీ చెప్పుకోకు. గుంటూరు నుంచి విజయవాడ గంట ప్రయాణం. ఒక పొద్దున్న బస్సెక్కి పటమట వెళ్ళు, అమ్మను తీసుకెళ్ళకు. ఆవిడ పక్కన వంటింట్లో నిలబడి ఆ చీటీ సంగతి, పలక సంగతి చెప్పు. కోడళ్ళ వంతులు తెలిసిన తరం ఆవిడది, నీకంటే బాగా అర్థం చేసుకుంటుంది. కొడుకు బ్రెడ్డు తింటున్నాడని బాధపడితే, ఫోన్‌లో వీడియో పెట్టి వాడికి అన్నం, చారు నేర్పమని ఆవిడనే అడుగు. నువ్వు వెళ్ళాక కూడా అది పనికొస్తుంది.

వెళ్ళేటట్టైతే పెట్టె సర్దేటప్పుడు నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు పెట్టుకోకు. పాలతో, మాంసంతో చేసినవి ఆ దేశంలోకి రానివ్వరు. కరివేపాకు మొక్క తీసుకెళ్ళాలని ఉందని రాశావు. మొక్కలకీ పచ్చి ఆకులకీ తెగుళ్ళు లేవన్న ధ్రువపత్రం అడుగుతారు, అది లేకుండా వద్దు. గోంగూర పచ్చడి, కందిపొడి, మన మిరప కారం నిశ్చింతగా పెట్టుకో.

ఇవన్నీ తేలడానికి రోజులు పడతాయి. ఈ శనివారం మాత్రం ఆయనకి ఒక పని చెప్పు. కింద గుమ్మం దగ్గర గంటల వరసలోనూ, ఉత్తరాల పెట్టె మీదా, ఆయన ఇంటిపేరు పక్కన నీ ఇంటిపేరు కూడా రాసి అంటించి ఫోటో పంపమను. వెనక్కి పోయిన ఆ పన్ను నంబరు ఉత్తరం మళ్ళీ పంపమని అడిగితే పంపుతారు. ఈసారి వస్తే కవరు చింపకుండా నీ కోసం ఉంచమను.